మధ్యయుగాల యూరప్ కెథెడ్రళ్ళు, రంగుటద్దాల కిటికీలు, చిత్రాల చేతిరాత పుస్తకాలు: పిల్లలకు ఎలా పరిచయం చేయాలి?

రైన్‌తీరం అడిగిన ప్రశ్న:

మేముండేది జర్మనీలో, కొలోన్‌కి దగ్గర్లో. పాపకి 10 ఏళ్ళు, బాబుకి 7. ఈ వేసవిలో కొలోన్ కెథెడ్రల్, పారిస్, వీలైతే పారిస్ దగ్గరి షార్త్ర్ కెథెడ్రల్ చూపించాలని ఉంది. గైడ్‌బుక్కు తెరిస్తే రోమనెస్క్, గోథిక్, ట్రిఫోరియం అని పేర్ల వరసే కనిపిస్తోంది. అవి చదివి వినిపిస్తే పిల్లలకు ఎక్కవు.

వెళ్ళేముందు ఇంట్లో చేతులతో ఏమేం చేయించవచ్చు? అక్కడికి వెళ్ళాక ఏం చూపించాలి, ఏం వదిలెయ్యాలి? కొలతలతో, వస్తువుల పేర్లతో చెబితే మరీ మంచిది. ఇంట్లో కత్తెర, కంపాసు, రంగులు ఉన్నాయి. వడ్రంగి పనిముట్లు లేవు.

---

రాతికమాను:

రైన్‌తీరం గారూ, శైలుల పేర్లు ఆఖరికి ఉంచండి. ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి: పైనున్న బరువు నేలకి ఏ దారిన దిగుతోంది? ఏ కట్టడం ముందు నిలబడ్డా పిల్లలు ఈ ప్రశ్న వేసుకోవడం నేర్చుకుంటే, గోథిక్‌లో సగం వాళ్ళకి వచ్చేసినట్టే.

మొదట దూలం సంగతి. వంటింటి స్పాంజి కొత్తది తీసుకుని, దాని పొడవాటి పక్క మీద సెంటీమీటరుకొకటి చొప్పున నిలువు గీతలు గీయండి. రెండు చివర్లూ రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో వేలితో నొక్కమనండి. పైన గీతలు దగ్గరకొస్తాయి, అడుగున విడిపోతాయి. అంటే దూలం పైభాగం నొక్కుకుంటోంది, అడుగుభాగం సాగుతోంది. రాయి నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. మన రామప్ప గుడి 1213 నాటిది. రాతి దూలాలతో కట్టింది కాబట్టి స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే షార్త్ర్‌లో కెథెడ్రల్ లేస్తోంది. 1194లో పాతది కాలిపోయాక మళ్ళీ మొదలుపెట్టి 1220 కల్లా చాలామటుకు పూర్తిచేశారు. అక్కడ సుమారు 16 మీటర్ల వెడల్పు మీద, 37 మీటర్ల ఎత్తులో రాతి కప్పు నిలబడింది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. అది కమాను పని. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఏదీ సాగదు.

రెండోది ఒంటితో చేసేది. ఎత్తు సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి, అరచేతులు తలపైన కలిపి, ఒకరి మీదికి ఒకరు వాలాలి. నున్నటి నేల మీద సాక్సులతో నిలబడితే పాదాలు వెనక్కి జారతాయి. కమాను కిందికే కాదు, పక్కలకి కూడా తోస్తుందని అప్పుడు వాళ్ళ కాళ్ళకే తెలుస్తుంది. ఇంకో ఇద్దరిని ఆ పాదాల వెనక కూర్చోబెడితే జారడం ఆగుతుంది. అది బట్రెస్, అంటే గోడకి బయటి ఊతం. ఇప్పుడు కూర్చున్నవాళ్ళు లేచి, ఒక అడుగు దూరంగా నిలబడి, చేతులు చాచి కమాను పిల్లల భుజాల వెనక ఆనించాలి. అది ఫ్లయింగ్ బట్రెస్. చెయ్యి నడుము దగ్గర ఆనిస్తే కమాను మెలిక తిరిగి పడుతుంది. అందుకే కెథెడ్రల్ బయట ఆ రాతి చేతులు కప్పు తోపుడు గోడకి తగిలే ఎత్తులోనే ఆనుకుని ఉంటాయి. ఎత్తు తేడా ఉన్న ఇద్దరితో ఈ ఆట కుదరదు, మీ పాపకి ఈడు పిల్లనే తోడు పెట్టండి. దుప్పటి పరిచి చేయించండి.

మూడోది మట్టి కమాను. ఇది పాప చేయగలదు, బాబు సాయం పడతాడు. కాల్చక్కర్లేని, గాలికి ఆరే బంకమట్టి 2 కిలోలు చాలు.

అట్టమీద ఒకే కేంద్రంతో 10, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో రెండు అర్ధవలయాలు గీయండి. కోణమానినితో 20 డిగ్రీలకొక గీత పెడితే 9 ముక్కలొస్తాయి. బేసి సంఖ్యే ఉండాలి, లేకపోతే శిఖరాన కీస్టోన్ అనే నడిమి రాయి రాదు. ఒక ముక్క కత్తిరించి అచ్చుగా పెట్టుకోండి. మట్టిని 5 సెంటీమీటర్ల మందాన పరిచి, ఆ అచ్చు ప్రకారం 9 రాళ్ళు కోయండి. రోజూ తిప్పుతూ నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పగుళ్ళొస్తాయి. ఈ మందానికి వారం పడుతుంది.

ఆరాక మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి సెంట్రింగ్, అంటే కట్టేటప్పుడు కమానుని కింద నుంచి మోసే అచ్చు, ముందే చేసిపెట్టుకోవద్దు. ఆరిన రాళ్ళని నేలమీద పడుకోబెట్టి కమానులా పేర్చి, లోపలి వంపు అట్టమీద గీసుకుని, దాని ప్రకారం రెండు అట్టముక్కలు కోసి మధ్యలో థర్మకోల్ పెట్టి అతికించండి. ఈ సెంట్రింగ్‌ని రెండు అగ్గిపెట్టెల మీద నిలబెట్టండి. కమాను పాదాలు రెండూ అగ్గిపెట్టె ఎత్తున్న పుస్తకాల మీద ఆనాలి. పాదాలకి బయటివైపు ఒక్కో ఇటుక గట్టిగా ఆనించండి. రెండువైపుల నుంచీ సమానంగా పేర్చుకుంటూ పైకి వచ్చి ఆఖర్న నడిమి రాయి పెట్టాలి. తర్వాత అగ్గిపెట్టెలు మెల్లగా లాగేస్తే సెంట్రింగ్ కిందికి దిగుతుంది, కమాను నిలబడుతుంది. మధ్యయుగాల మేస్త్రీలు కూడా చెక్క సెంట్రింగ్ కింద చీలలు పెట్టి, సున్నం గట్టిపడ్డాక వాటిని వదులు చేసి దించేవాళ్ళు.

పడిపోతే కారణం ఈ మూడింట్లో ఒకటి. రాళ్ళ ముఖాలు ఎగుడుదిగుడుగా ఉండి ఒక మూలే ఆనడం. గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. సెంట్రింగ్‌ని పక్కకి లాగడం. అది కిందికే దిగాలి. కమాను మరీ సన్నగా ఉండటం. మందం వ్యాసార్ధంలో పదోవంతుకి తగ్గితే అర్ధవలయపు కమాను తన బరువుకే నిలబడదు. మన కొలతల్లో అంతకి మూడింతలకు పైనే ఉంది, భయం లేదు.

నిలబడ్డాక ఇటుకలు తీసి, పాదాల కింది పుస్తకాల్ని మెల్లగా విడదీయమనండి. నడిమి రాయి దగ్గర సందు ఎక్కడ తెరుచుకుంటుందో చూడాలి. అడుగున తెరుచుకుంటుంది, భుజాల దగ్గర మాత్రం బయటివైపు. పాత చర్చిల్లో పగుళ్ళు చూసి ఇంజనీర్లు చదివేది ఇదే.

---

రాతికమాను:

ఒకటి మరిచాను. కోసు కమాను ఎందుకొచ్చిందో కంపాసుతో ఐదు నిమిషాల్లో చూపించవచ్చు. 8 సెంటీమీటర్ల గీత గీసి, దాని మీద అర్ధవలయం గీస్తే ఎత్తు 4. వెడల్పు మారకుండా ఎత్తు మార్చలేం. ఇప్పుడు కంపాసు 8కి తెరిచి, గీత రెండు చివర్ల నుంచీ ఒక్కో చాపం గీస్తే అవి పైన కలిసి కోసుగా వస్తాయి, ఎత్తు దాదాపు 6.9. కంపాసు ఇంకా తెరిస్తే ఇంకా ఎత్తు. దీర్ఘచతురస్రపు గది మీద కప్పు వేయాలంటే పొడవు వైపు, వెడల్పు వైపు కమానులు ఒకే ఎత్తుకి రావాలి. గుండ్రటి కమానులతో అది తంటా, కోసు కమానుతో తేలిక. అదీకాక కోసు కమాను పక్కలకి తోసేది తక్కువ. గోడ పలచబడి కిటికీలకి చోటు దొరికింది అందుకే.

కూలిన కథ కూడా చెప్పండి, పిల్లలు వదలరు. పారిస్‌కి ఉత్తరాన బోవే కెథెడ్రల్‌లో 48 మీటర్ల ఎత్తున కప్పు వేశారు, గోథిక్ కప్పుల్లో అంత ఎత్తు ఇంకెక్కడా లేదు. 1284లో అందులో కొంత కూలింది. కారణం మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మరమ్మతులో స్తంభాల మధ్య అదనపు స్తంభాలు దూర్చారు, అవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆపైన 153 మీటర్ల శిఖరం కట్టారు, అది 1573లో పడిపోయింది. చర్చి అసంపూర్తిగానే మిగిలింది.

---

సీసంగీత:

కిటికీల సంగతి నేను రాస్తాను.

పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది: ఆ రంగు గాజు మీద పూసింది కాదు, గాజులోనే ఉంది. ఇసుక, చెట్ల బూడిద కలిపి కరిగించేటప్పుడే లోహాలు వేసేవాళ్ళు. కోబాల్ట్‌తో నీలం, రాగితో ఎరుపు లేదా ఆకుపచ్చ, మాంగనీసుతో ఊదా. రాగి ఎరుపు చాలా చిక్కన. మామూలు మందాన వేస్తే నల్లగా కనిపించి వెలుతురు రాదు, అందుకని తెల్లగాజు మీద ఎరుపు గాజు పలచటి పొరగా పట్టించేవాళ్ళు. కళ్ళు, ముక్కు, బట్టల మడతలు మాత్రం బ్రష్షుతో వేసేవి. లోహపు బూడిద, గాజుపొడి కలిపిన ముదురు రంగుతో గీసి, కొలిమిలో కాల్చి గాజుకి పట్టించేవాళ్ళు. 1300 ప్రాంతంలో వెండి లవణంతో పసుపు మరక వేయడం వచ్చింది. దాంతో ఒకే తెల్ల గాజుముక్కలో ముఖం తెల్లగా, జుట్టు బంగారు రంగులో తేగలిగారు. కిటికీ వయసు పట్టడానికి ఇదొక గుర్తు. మొదట వేసిన గాజులో ఇలాంటి పసుపు కనిపిస్తే అది 1300కి ముందుది కాదు.

12వ శతాబ్దపు సన్యాసి థియోఫిలస్ రాసిపెట్టిన పద్ధతి ఇది: సున్నం పూసిన పెద్ద చెక్కబల్ల మీద బొమ్మ అసలు కొలతలో గీస్తారు. గాజు దాని మీద పెట్టి, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో గీత వెంట పగలగొడతారు. అంచులు ఇనుప పనిముట్టుతో కొరికి సరిచేస్తారు. ముక్కల మధ్య సీసపు పట్టీ దూర్చి, కూడళ్ళలో టంకం వేస్తారు.

ఇంట్లో చేయడానికి:

నల్ల చార్టు ఏ4 రెండు, 160 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) పైన ఉండాలి, పలచటిది కోసేటప్పుడు చిరుగుతుంది. గాలిపటాల కాగితం ఐదారు రంగులు. గ్లూ స్టిక్. తెల్ల జిగురు వాడొద్దు, తడికి గాలిపటం కాగితం ముడతలు పడి రంగు కారుతుంది. మెరిసే జెలటిన్ కాగితం కూడా దొరుకుతుంది గానీ జిగురు పట్టదు, టేపు వేయాలి.

బొమ్మ గీసేటప్పుడు నియమం ఒక్కటే: ఏ గీతా మధ్యలో ఆగిపోకూడదు, ఇంకో గీతకో అంచుకో వెళ్ళి తగలాలి. సీసపు పట్టీ గాలిలో ఆగదు కదా. పాపకి గీత మందం 5 మిల్లీమీటర్లు, బాబుకి సెంటీమీటరు. రెండు చార్టులూ కలిపి పట్టుకుని ఒకేసారి కోస్తే ముందు వెనకలు సరిపోతాయి. బాబుకి కోత పని మీరే చేసి పెట్టండి. రంగు కాగితం రంధ్రం కన్నా చుట్టూ 3 మిల్లీమీటర్లు పెద్దదిగా కోసి వెనక అతికించి, దాని మీద రెండో చార్టు మూసెయ్యండి. ముఖాలు, వేళ్ళు సన్నటి నల్ల మార్కరుతో ఆఖర్న.

తరచూ చెడేది ఎక్కడంటే, పిల్లలు లేత రంగులు ఎక్కువ వాడతారు. బల్ల మీద బాగానే ఉంటుంది, కిటికీకి పెట్టగానే వెలిసిపోయినట్టుంటుంది. నేపథ్యం అంతా ముదురు నీలం వేసి, ఎరుపు సగానికి తగ్గించి, తెలుపు, పసుపు ముఖాలకీ అంచులకీ ఉంచండి. 13వ శతాబ్దపు కిటికీల్లో లెక్క దాదాపు ఇదే.

గాజు ద్రవం లాంటిది కాబట్టి వందల ఏళ్ళకి కిందికి కారి పాత అద్దాలు అడుగున లావెక్కాయని చాలామంది గైడ్లు చెబుతారు. అది తప్పు. ఊది తిప్పి చేసిన గాజు మొదట్నుంచీ ఎగుడుదిగుడే. పిల్లల బుర్రలో ఈ కథ పడనీయకండి.

షార్త్ర్‌లో పడమటి గోడలో మూడు నిలువు కిటికీలు 12వ శతాబ్దానివి, మంటల్ని తట్టుకుని మిగిలినవి. ఆ నీలం తక్కిన కిటికీల నీలం కన్నా లేతగా, మెరుగ్గా ఉంటుంది. అవి మధ్యాహ్నం దాటాక చూడాలి. కిందున్న కిటికీలు చాలామటుకు అడుగు నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి చదవాలి. అడుగు గడుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు, రొట్టెలు అమ్మేవాళ్ళు, తోలుబట్టల వ్యాపారులు ఉంటారు. పిల్లల్ని అక్కడే మొదలుపెట్టనివ్వండి.

---

కలంకారుడు:

పుస్తకాల వైపు ఒకరైనా రాయాలి. బయట వాన పడే జర్మనీలో ఇది మంచి కాలక్షేపం కూడా.

మధ్యయుగాల పుస్తకం కాగితం మీద కాదు, తోలు మీద రాసింది. దూడ, గొర్రె, మేక తోలు సున్నపు నీళ్ళలో నానబెట్టి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీరి ఆరబెడితే పార్చ్‌మెంట్. సిరా ఓక్ చెట్టు కాయల్లాంటి బుడిపెల నుంచి తీసిన వగరుకి ఇనుప లవణం కలిపి చేసేవాళ్ళు. వగరు, ఇనుము కలిస్తే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుము బెల్లం ఊరబెట్టిన కసిం గీస్తే నల్లబడేది కూడా ఈ రసాయన చర్యే. మీకు కరక్కాయ దొరికితే పిల్లల ముందు చేసి చూపించండి. కరక్కాయ పొడి ఒక చెంచా అరకప్పు వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడగట్టండి. తుప్పు పట్టిన మేకులు నాలుగు వెనిగర్‌లో వారం ఉంచండి. రెండూ కలిపితే కళ్ళముందే నల్లబడుతుంది. బట్టల మీద పడితే పోదు.

రంగులకి కట్టు, అంటే రంగుపొడిని పట్టి ఉంచే జిగురు, ఏది అన్న దగ్గర చాలామంది పొరబడతారు. గుడ్డులో పచ్చసొన చెక్కపలకల మీద వేసే చిత్రాలకి. పుస్తకాల్లో ఎక్కువగా వాడింది తుమ్మబంక జాతి జిగురు, లేదా గుడ్డు తెల్లసొన. తెల్లసొనని నురగ గట్టిపడేదాకా గిలకొట్టి రాత్రంతా ఉంచితే అడుగున నీరులా దిగుతుంది, ఆ నీరే కట్టు. పిల్లలతో తుమ్మబంక తేలిక: 10 గ్రాములు 25 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో రాత్రి నానబెట్టి, పాత గుడ్డలో వడగట్టి, నాలుగు చుక్కల తేనె కలపండి. తేనె లేకపోతే రంగు ఆరాక పెళుసుగా లేచిపోతుంది.

రంగులు: ఎరుపుకి జాజు, నలుపుకి దీపపు మసి, నీలానికి పొడి అల్ట్రామెరీన్. బట్టలకి వేసే ద్రవ నీలం పనికిరాదు. పసుపు వంటింటిదే వాడవచ్చు గానీ వెలుతురుకి కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, కాబట్టి పసుపు రంగు మట్టి కొనడం మేలు. అసలు పుస్తకాల్లో ఖరీదైన నీలం ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల రాయి నుంచి వచ్చేది. అంత దూరం ఎలా వెళ్ళిందో పటంలో పాపచేత గీయించండి. ఇంట్లో ఉన్న సిందూరం మాత్రం ముట్టనివ్వకండి, దాన్లో సీసం ఉండే అవకాశం ఉంది. బ్రష్షు నోట్లో పెట్టి మొన తీసే అలవాటు మొదట్లోనే మాన్పించండి.

పొడిని ముందు నీళ్ళచుక్కతో ముద్దగా నూరి, తర్వాత అంతే కట్టు కలపాలి. ఆరాక వేలితో రుద్దితే పొడి అంటితే కట్టు తక్కువైనట్టు. మెరుస్తూ పగిలితే ఎక్కువైనట్టు.

చేయాల్సిన పని: 300 జీఎస్ఎం నీటిరంగుల కాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం. అందులో తమ పేరు మొదటి అక్షరం, తెలుగులోనే. మన అక్షరాల గుండ్రటి వంపుల్లో తీగలు, ఆకులు అల్లడం బాగా కుదురుతుంది. వరస తప్పకూడదు: పెన్సిలు గీత, సిరా గీత, బంగారం, తర్వాత రంగులు, ఆఖర్న తెల్లటి సన్న మెరుపు గీతలు. రంగు తర్వాత బంగారు రేకు వేస్తే అది తుమ్మబంక రంగుకి కూడా అంటుకుని బొమ్మంతా పాడవుతుంది. రేకు వద్దనుకుంటే బంగారు రంగు జెల్ పెన్ను చాలు, అప్పుడు ఆఖర్న వేసినా ఫర్వాలేదు.

మార్జిన్‌లో ఒక బొమ్మ వాళ్ళిష్టానికి వదిలెయ్యండి. 13, 14 శతాబ్దాల పుస్తకాల అంచుల్లో నత్తతో కత్తియుద్ధం చేసే వీరుడు, వేటగాణ్ణి వేటాడే కుందేలు మామూలే.

---

రైన్‌తీరం:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. బైబిల్ కథల గురించి కూడా చెప్పండి. మా పిల్లలకి నోవా ఓడ తప్ప ఏమీ తెలియదు. ఇంకోటి, శిలువ, తలలు నరకడం, నరకం బొమ్మలు చూసి చిన్నవాడు భయపడతాడేమో అని అనుమానం.

---

తోరణశిల్పం:

కథలన్నీ నేర్పించాల్సిన పని లేదండీ. ఆరు చాలు: ఆదాము హవ్వ, నోవా, చేప మింగిన యోనా, మరియకి దేవదూత వార్త చెప్పడం, పశువుల పాకలో పుట్టుక, చివరి తీర్పు. తక్కినవి గుర్తుల్ని బట్టి పట్టుకోవచ్చు. చేతిలో శూలం, పక్కన నంది ఉంటే పేరు చదవకుండానే శివుడని మన పిల్లలు చెప్పినట్టే, తాళంచెవులుంటే పేతురు, చక్రం ఉంటే కాథరిన్, రెక్కలున్న మనిషి, సింహం, ఎద్దు, డేగ నాలుగూ కలిసి కనిపిస్తే క్రీస్తు కథ రాసిన నలుగురు సువార్తికులు. ఇవి చీటీల మీద గీసి ఇస్తే వాళ్ళే వెతుక్కుంటారు.

షార్త్ర్‌లో మీ పిల్లలకి ఇంకా సులువైన ఆట ఉంది. పడమటి ముఖద్వారాల్లో ఎడమదాని చుట్టూ కమాను వంపులో రాశులు, ఏ నెలలో రైతు ఏం చేస్తాడో ఆ పనులు చెక్కారు. అవి మన రాశులే: మేషం, వృషభం, కర్కాటకం, సింహం. ఇక్కడ చోటు చాలక మీనం, మిథునం కుడి ద్వారం మీదికి వెళ్ళాయి. ముందే చెప్పకుండా ‘పన్నెండూ లెక్కపెట్టండి’ అని వదలండి. మకరం దగ్గర ఆగండి, వాళ్ళది చేపతోకున్న మేక. పారిస్‌లోని నోత్రదామ్ కెథెడ్రల్‌లో కూడా ఎడమ ద్వారం దగ్గర రాశులున్నాయి.

భయం విషయానికొస్తే, నోత్రదామ్‌లో చివరి తీర్పు ద్వారం మధ్యలో ఉంటుంది, తప్పించుకోవడం కష్టం. ముందే ఇంట్లో ఫోటో చూపించి, తక్కెడలో ఆత్మని తూచే దేవదూతని, తక్కెడని తన వైపుకి వంచే దెయ్యాన్ని చూపించండి. పరిచయమైన దెయ్యం అంత భయపెట్టదు. హతసాక్షుల (మతం కోసం చంపబడ్డవాళ్ళ) బొమ్మలు ఎక్కువుండే మ్యూజియం గదులు 7 ఏళ్ళ వాడికి ఈసారి వదిలెయ్యండి.

నా అభిప్రాయంలో ఆ వయసుకి అన్నిటికన్నా మంచిది పారిస్‌లోని క్లూనీ మ్యూజియం. ‘యూనికార్న్‌తో దొరసాని’ అని ఆరు పెద్ద నేత తెరలున్నాయి, 1500 ప్రాంతానివి. ఐదింటిలో చూపు, వినికిడి, రుచి, వాసన, స్పర్శ. ఏది ఏదో పిల్లలే చెప్పాలి. అద్దంలో యూనికార్న్ ముఖం కనబడేది చూపు. ఆరోది ఏమిటన్నది తేలని సంగతి, దాని మీద వాళ్ళ వాదన వినండి. ప్రతి తెరలో కుందేళ్ళు లెక్కపెట్టమంటే అరగంట గడిచిపోతుంది.

---

దోంబాట:

కొలోన్ మీకు దగ్గర కాబట్టి అక్కడే మొదలుపెట్టండి, రెండు విడతలుగా. మొదటి రోజు కెథెడ్రల్ బయటే. 1248లో పునాది వేశారు, 16వ శతాబ్దంలో పని ఆగింది, 1880లో పూర్తయింది. ఆగిన ఏళ్ళన్నీ దక్షిణపు గోపురం మొండిగా, దాని మీద చెక్క క్రేను అలాగే నిలబడి ఉండేది. పాత పటాల్లో ఆ క్రేను కనిపిస్తుంది, ఒక ప్రింటు తీసుకెళ్ళి గోపురం ముందు నిలబెట్టి పోల్చమనండి. 157 మీటర్ల గోపురాల్లో చాలాభాగం 19వ శతాబ్దానిదని, తూర్పు వైపున్న గర్భాలయం మధ్యయుగానిదని చెప్పాలి. పాత పార్చ్‌మెంట్ నక్షా 19వ శతాబ్దం మొదట్లో రెండు ముక్కలుగా బయటపడింది, దాని ప్రకారమే ముఖభాగం పూర్తిచేశారు. 533 మెట్లు పాప ఎక్కగలదు, బాబు సంగతి మీరే చూసుకోండి. మధ్యలో దిగిపోవడానికి లిఫ్టు లేదు.

రెండో రోజు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న గ్రోస్ సాంక్ట్ మార్టిన్ చర్చి. గుండ్రటి కమానులు, లావు గోడలు, చిన్న కిటికీలు. యుద్ధంలో బాగా దెబ్బతిని మళ్ళీ కట్టిందే అయినా రోమనెస్క్ రూపం తెలుస్తుంది. కిటికీ దగ్గర గోడ మందం పిల్లలచేత మూరల్లో కొలిపించండి. తర్వాత కెథెడ్రల్‌లోకి వెళితే తేడా వాళ్ళే చెబుతారు, అప్పుడు పేర్లు చెప్పండి.

పారిస్‌లో సెంత్ షాపెల్ అనే ప్రార్థనామందిరం తప్పనిసరి. కొలోన్‌కి పునాది వేసిన 1248లోనే ఇది ప్రతిష్ఠ అయింది. పై అంతస్తులో గోడలే లేవన్నట్టు 15 మీటర్ల ఎత్తు కిటికీలు, 1,113 దృశ్యాలు. ఇక్కడ రాతికమాను గారి ప్రశ్న అడగండి: ఫ్లయింగ్ బట్రెస్‌లు లేవు, మరి తోపుడు ఎవరు ఆపుతున్నారు? బయటికి పొడుచుకొచ్చిన లావుపాటి బట్రెస్‌లు, కిటికీల చట్రాల్లో దాగిన ఇనుప పట్టీలు. 18 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు గానీ వేళ ముందే బుక్ చేసుకోవాలి.

నోత్రదామ్ 2019 ఏప్రిల్ 15న కాలి, 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. పైన గడ్డం కింద చేతులు పెట్టుకుని చూసే రాక్షసబొమ్మలు మధ్యయుగానివి కావు, 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలే ల్ ద్యూక్ మరమ్మతులో పెట్టించినవి. నోట్లోంచి వాననీరు చిమ్మేవే గార్గాయిల్‌లు. అవి నీటిని గోడకి దూరంగా విసిరెయ్యకపోతే సున్నం కొట్టుకుపోతుంది. వాన పడితే గొడుగుతో బయటే నిలబడండి, అవి పనిచేస్తుంటే చూడటం వేరు.

కారుంటే ఒక రోజు బుర్గుండీలోని గెడెలోన్‌కి పెట్టుకోండి. 1997 నుంచి 13వ శతాబ్దపు పద్ధతుల్లో కోట కడుతున్నారు. మనిషి లోపల నడిస్తే తిరిగే చక్రపు క్రేనుతో రాళ్ళెత్తుతారు. మీ మట్టి కమాను చేసిన పిల్లలు అక్కడి సెంట్రింగ్‌ని చూడగానే గుర్తుపడతారు. చలికాలంలో మూసి ఉంటుంది.

---

మంజీర:

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మెదక్ కెథెడ్రల్ మధ్యయుగానిది కాదు, 1924లో పూర్తయిన గోథిక్ పునరుద్ధరణ శైలి కట్టడం. కానీ కోసు కమానులు, రాతి స్తంభాలు, మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు దగ్గర్లో చూడటానికి అంతకన్నా మంచిది లేదు. కిటికీల్లో క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం. పగటి వెలుతురుండగా వెళ్ళాలి, చీకటి పడితే లోపలి నుంచి గాజు నల్లగానే కనిపిస్తుంది. అమెరికాలో వాళ్ళకైతే న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియం ఉంది, యూరప్ మఠాల రాళ్ళతో పేర్చిన వసారాలు, యూనికార్న్ వేట తెరలు అక్కడే.

---

రైన్‌తీరం:

చాలా ఉపయోగపడింది. ఆఖరిగా, షార్త్ర్‌కి ఏ రోజు వెళ్ళాలి? వెంట ఏం పట్టుకెళ్ళాలి?

---

సీసంగీత:

శుక్రవారం వెళ్ళండి. నేల మీద దాదాపు 13 మీటర్ల వెడల్పున్న చక్రవ్యూహం ఉంది, నడిస్తే 260 మీటర్ల దారి. మిగతా రోజుల్లో కుర్చీలు వేసి కప్పేస్తారు, ఈస్టర్ ముందు ఉపవాస కాలం నుంచి అక్టోబరు దాకా సాధారణంగా శుక్రవారాలు తీస్తారు. వెళ్ళేముందు కెథెడ్రల్ వెబ్‌సైటులో ఒకసారి చూసుకోండి. మోంపర్నాస్ స్టేషను నుంచి రైల్లో గంట పైన. బైనాక్యులర్లు పిల్లలకి ఒక్కోటి కావాలి, 8 రెట్లు చూపే చిన్నవి చాలు, 10 రెట్లవైతే చేతులు వణికి బొమ్మ ఆగదు. ఇంట్లోనే ఎదురింటి కిటికీ మీద ఫోకస్ చేయడం నేర్పించి తీసుకెళ్ళండి. లోపల చల్లగా ఉంటుంది, వేసవైనా స్వెట్టర్ పెట్టుకోండి. కిటికీలకి మరీ ఎర్రటి ఎండ కన్నా పలచటి మబ్బు మేలు. ఎండ సూటిగా పడే వైపు రంగులు కళ్ళు చెదిరేలా కలిసిపోతాయి, అప్పుడు ఎదుటి వైపు కిటికీలు ముందు చూసి తర్వాత ఇటు రండి.